మొరం బాట దండకం

మొదటి దండం నిప్పుకు. చల్లారి, గట్టిపడి, పగిలి, అరిగి, మొరమై, దుమ్మై, చివరికి నా సైకిల్ గొలుసులో చేరి కరకరమనే నిప్పుకు.

6.6 కోట్ల ఏళ్ల కిందటి మాట. దక్కను నేల నెర్రెలిచ్చింది. కొన నుంచి పొగ చిమ్మే కొండ ఊహించుకోకండి, అలాంటిదేమీ ఇక్కడ లేదు. నేలే మైళ్ల పొడవున నోరు తెరిచింది. లావా పైకెగరలేదు, పొంగింది. పల్లం వెతుక్కుంటూ పారింది, ఆగింది, ఆరింది, దాని మీద మళ్లీ పారింది. పడమట సహ్యాద్రుల దగ్గర ఆ పొరల మందం రెండు కిలోమీటర్లు దాటుతుంది. తూర్పుకు వచ్చేకొద్దీ పలచబడి, మన వికారాబాద్ గుట్టల్లో, జహీరాబాద్ చెలకల్లో అంచు తేలుతుంది. అరిగినంత అరిగిపోగా ఇప్పటికి మిగిలిందే ఐదు లక్షల చదరపు కిలోమీటర్లు. ఇంచుమించు అదే కాలంలో మెక్సికో తీరాన ఆకాశం నుంచి ఒక పెద్ద రాయి రాలింది. రాక్షసబల్లుల చావులో ఏ నిప్పు వంతు ఎంత అని పండితులు ఇంకా తగువు పడుతూనే ఉన్నారు. ఆ తగువు వాళ్లకే వదిలేద్దాం. సైకిల్ మీద వచ్చేవాడికి కావలసింది ఆ అంచు.

పట్నం, అంటే హైదరాబాద్ నుంచి పడమటికి తొక్కుతూ రండి. ముందు ఎదురయ్యేది పాత చుట్టం, గ్రానైట్. ఆమె వయసు 250 కోట్ల ఏళ్లు. గుండు మీద గుండు నిలబెట్టి వేల ఏళ్లుగా పడనివ్వకుండా ఆడుకుంటోంది. చేవెళ్ల మర్రిచెట్ల నీడ దాటి, వికారాబాద్ దరిచేరే కొద్దీ ఆ గుండ్లు పలచబడతాయి. గుట్టల తలలు చదునవుతాయి. వాటి పక్కలు మెట్లు మెట్లుగా దిగుతాయి, ఒక్కో మెట్టు లావా ఒకసారి పారి ఆగిన చోటు. పొలం రంగు ముదురుతుంది. ఇదంతా కన్ను పోల్చుకునే లోపే చక్రానికి తెలిసిపోతుంది. గ్రానైట్ ఇసుక మీద గరగరలాడిన టైరు నల్లనేల మీదికి రాగానే గొంతు తగ్గిస్తుంది. ఎర్రమొరం మీదికి ఎక్కగానే గలగలా మొదలుపెడుతుంది. కళ్లు మూసుకుని వెనక కూర్చున్నవాడు కూడా రాయి పేరు చెప్పగలడు. అయితే ఈ సైకిల్‌కు వెనక సీటుండదు.

ఈ సైకిల్ సంగతి రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. పందేల సైకిల్‌కుండే కిందికి వంగిన హ్యాండిల్, 40 నుంచి 45 మిల్లీమీటర్ల వెడల్పు టైరు, డిస్క్ బ్రేకులు, టైరులో ట్యూబుకు బదులు చిల్లు పడితే తనంతట తానే పూడ్చుకునే తెల్లటి జిగురు ద్రవం. గ్రావెల్ బైక్ అంటారు. తారు రోడ్డు మీద కొట్టే గాలిలో సగం కొడితే చాలు. ఎక్కువ కొట్టారా, ప్రతి రాయీ నేరుగా వెన్నుపూసతో మాట్లాడుతుంది. అమెరికాలో కాన్సస్ గడ్డిగుట్టల మీద ఈ ఆట పెద్దదైంది, 2022లో ఇటలీలో దీనికి ప్రపంచ పోటీలు కూడా మొదలయ్యాయి. మన మొరం బాటలకు ఆ కబురు అందలేదు. అందినా పట్టించుకోవు. వాటిని వేసింది ఎడ్ల గిట్టలు, బండి చక్రాల ఇనుప పట్టాలు, మేకల మందలు, తండా నుంచి బడికి నడిచే పిల్లల కాళ్లు. మేము నిన్న మొన్న వచ్చిన అతిథులం, అదీ హెల్మెట్ పెట్టుకుని.

ఎర్రమొరానికి దండం.

నల్లరాయి బిడ్డవు నువ్వు ఎర్రగా ఎలా పుట్టావని అడిగితే వానను చూపిస్తావు. లక్షల ఏళ్ల వానలు రాతిని కడిగాయి. కరగగలిగిందంతా కరిగి ఏరుల్లో కలిసింది. కరగని ఇనుము, అల్యూమినియం అక్కడే ఉండిపోయాయి. ఇనుము తుప్పు పట్టింది. ఆ తుప్పే అనంతగిరి నెత్తిన టోపీగా నిలిచింది. లాటరైట్ అని భూవిజ్ఞానులు పిలిచేది దాన్నే. తవ్వితే చెక్కలా కోయవచ్చు, ఎండకు ఆరితే గోడై నిలుస్తుంది. బీదర్ కోట అట్లా నిలిచిందే. బహమనీ సుల్తానులు 15వ శతాబ్దంలో రాజధానిని గుల్బర్గా నుంచి అక్కడికి మార్చినప్పుడు కోట చుట్టూ కందకాన్ని ఈ ఎర్రరాతిలోనే తొలిచారు.

బాట మీదికి వచ్చేసరికి నువ్వు బఠాణీ గింజంత గుళ్లుగా విడిపోయి ఉంటావు. గుండ్రంగా, గట్టిగా, ఒకదాని మీద ఒకటి దొర్లుతూ. అనంతగిరి అంచు నుంచి కోట్‌పల్లి చెరువు వైపు దిగే దారుల్లో నీ పాఠం మొదలవుతుంది. ముందు బ్రేకు గట్టిగా పట్టినవాణ్ణి క్షమించవు. హ్యాండిల్‌ను బిగించి పట్టినవాణ్ణి అసలే క్షమించవు. బరువు వెనక్కి వెయ్యాలి, మోచేతులు సడలించాలి, చూపు చక్రం ముందు కాకుండా మలుపు అవతల ఉండాలి. చక్రం కొంచెం అటూ ఇటూ జారుతుంది. జారనివ్వాలి. అది తనంతట తానే దారిలోకి వస్తుందన్న నమ్మకం కుదిరిన క్షణం నుంచి దిగుడు హాయిగా ఉంటుంది, ఆ లోపు ప్రాణభయం.

దిగుతున్న కొద్దీ గట్టు కోసిన చోట్ల నీ పుట్టుక వరుసగా కనిపిస్తుంది. పైన ఎర్ర రాయి, దాని కింద ఎరుపూ తెలుపూ కలిసిన మెత్తటి బంకమట్టి, ఇంకా కింద నల్లరాయి గుండ్లు. ఆ గుండ్లు ఉల్లిగడ్డలా పొర పొరగా ఊడుతుంటాయి, అన్ని పొరలూ ఒలిచాక నడిమిన పిడికెడు నలుపు మాత్రం లొంగకుండా ఉంటుంది. దాన్ని ఆనుకుని సైకిల్ నిలబెట్టి నీళ్లు తాగుతుంటే చేతికి తగిలే చల్లదనాన్ని ఎంత పొగిడినా తక్కువే. ఎక్కడో ఒక రాతిలో చిన్న చిన్న బుడగల గుంతలు కనిపిస్తాయి. లావా ఆరుతూ వదిలిన ఊపిరి గుంతలవి. కొన్నిటిలో తెల్లటి స్ఫటికం నిండి ఉంటుంది. సైకిల్ దిగి చూడాలి. వేగంగా పోయేవాడికి ఇవి దక్కవు, వాడికి సగటు వేగం దక్కుతుంది.

నల్లరేగడికి దండం, కొంచెం దూరం నుంచి.

ఎండాకాలం నువ్వు బీటలు వారతావు. చెయ్యి దూరేంత బీటలు. టైరు అందులో పడిందంటే ఇరుసు దాకా వణుకుతుంది. చలికాలం మాత్రం నీ అంత మంచి బాట లోకంలో లేదు, బండ్ల చక్రాలు తొక్కి తొక్కి నున్నగా చేసిన ఆ రెండు గాడులు మైళ్ల తరబడి చేల మధ్య నుంచి పోతుంటాయి, చప్పుడు లేదు, కుదుపు లేదు, గొలుసు తిరిగే మోత తప్ప. ఇక తొలకరి. ఒక్క జల్లు చాలు. నీలోని బంకమట్టి నీరు తాగి ఉబ్బుతుంది, టైరును పట్టుకుంటుంది, టైరుతో పాటు పైకి లేస్తుంది, ఫోర్కు దగ్గర పేరుకుంటుంది, పది గజాలు పోయేసరికి చక్రం తిరగదు. తోయబోతే తోయనివ్వవు. భుజాన వేసుకుంటే సైకిల్ బరువు రెట్టింపు. బూట్లకు అంగుళం అంగుళం చొప్పున ఎత్తు పెరుగుతుంది. జూన్ నుంచి వానలు ఆగి నేల ఆరేదాకా నీ జోలికి రావద్దని రైతు చెప్తాడు, సైకిలిస్టు వినడు. వాన వెలిశాక ఎర్రమొరం మీద తిరగాలి, రేగడి మీద కాదు. ఈ ఒక్క నియమం తెలిసినవాడు ఈ దేశంలో ఏ నెలలోనైనా సైకిల్ తొక్కగలడు. మొరంలో నీరు నిమిషాల్లో ఇంకిపోతుంది, అందుకే గదా ఊళ్లలో బాట బాగుచేయాలంటే ఒక ట్రాక్టర్ మొరం పోయిస్తారు.

ఆ నీళ్లు అట్లా ఇంకి ఎక్కడికి పోతాయి? నీళ్లకూ ఒక దండం పెట్టి చెప్తాను.

ఎర్రరాయి నిండా రంధ్రాలు. వాన దాని గుండా జారి కింది బంకమట్టి దాకా పోయి అక్కడ ఆగుతుంది. ఇక దిగలేక, పక్కకు దారి వెతుక్కుని, గట్టు అంచున ఊటై బయటపడుతుంది. అందుకే ఈ నేల మీద దేవుళ్లందరూ గట్టు అంచునే వెలిశారు. అనంతగిరిలో అనంత పద్మనాభస్వామి పాదాల చెంత మూసీ పుడుతుంది. ఇక్కడ వాగును సైకిల్ మీద దాటితే చక్రాల నుంచి రెండు తెల్లటి తుంపరల రెక్కలు లేస్తాయి. ఇదే నీరు పట్నం చేరేసరికి ముక్కు మూసుకుని వంతెన దాటుతాం, ఆ సంగతి ఇక్కడ ఎత్తడం పాపం. జహీరాబాద్ దగ్గర ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరుడి ముంగిట గుండం. సరిహద్దు దాటి బీదర్ పోతే నరసింహ ఝరణిలో ఎర్రరాతి సొరంగంలో రొమ్ములోతు నీళ్లలో నడిచి స్వామిని చూడాలి. గురునానక్ పాదం తాకి రాయి కదిలి మంచినీళ్లు పొంగాయని సిక్కులు చెప్పుకునే ఝీరా కూడా అక్కడే. అక్కడి లంగరులో ఎవరు వచ్చినా రొట్టె, పప్పు పెడతారు. దుమ్ము కొట్టుకుపోయి, మోకాలు చెక్కుకుపోయి వచ్చినవాణ్ణి కూడా తలకు గుడ్డ కట్టుకొమ్మంటారు తప్ప మరేమీ అడగరు. ఊరి కింద సుల్తానుల కాలం నాటి కరేజ్ ఉంది. భూమి లోపల సొరంగం తవ్వి, ఎర్రరాయిలో ఇంకిన నీటిని వాలు మీద ఊరికి నడిపించారు. ఈ భూగర్భ శాస్త్రం వాళ్లు పుస్తకంలో చదివింది కాదు, గడ్డపారతో చదివింది.

జొన్నకు దండం. ఇక్కడ కాసేపు ఆగాలి.

నిప్పు రాయైంది, రాయి రేగడైంది, రేగడి జొన్నైంది. వానలు వెనకబట్టాక, నేలలో మిగిలిన తేమను మాత్రమే నమ్ముకుని చల్లే యాసంగి జొన్న అది. నీళ్లు పెట్టేవాళ్లుండరు. పైనుంచి చినుకు పడకపోయినా రేగడి తను దాచుకున్న తేమను చుక్క చుక్కగా ఇస్తుంది. చేను చుట్టూ కుసుమ వేస్తారు, పశువులు దూరకుండా. ఆ ముళ్ల ఆకులు బాటలోకి వంగి మా పిక్కలను గీరుతాయి, పశువులకూ మాకూ అవి తేడా చూపించవు. పక్కన శనగ. పొద్దున్నే శనగ చేనులో నుంచి సైకిల్ నడిపిస్తే బూట్లు తడుస్తాయి, ఆకుల మీది ఆ మంచు నాలుకకు పుల్లగా తగులుతుంది. ఇంకా పడమటికి, తాండూరు వైపు కంది. 2022లో భౌగోళిక గుర్తింపు దక్కిన తాండూరు కంది అదే. పూతకొచ్చినప్పుడు బాటకు రెండు వైపులా తలెత్తు పసుపు, మధ్యలో సైకిల్ తప్ప ఇంకేదీ పట్టని సందు.

ఆ గట్ల మీద ఎక్కడో ఒక చెట్టు కింద మధ్యాహ్నం సద్ది విప్పుతారు. ఎవరో ఒక అవ్వ పిలవక మానదు.

"ఏడికెల్లి వస్తున్నవ్ బిడ్డా?"

"పట్నం కెల్లి అవ్వా."

"సైకిల్ మీదనేనా? బండి లేదా ఇంట్ల?"

ఉందని చెప్తే ఆమె జాలి రెట్టింపవుతుంది. బండి ఉండి సైకిల్ తొక్కడమంటే ఇంట్లో ఏదో గొడవై ఉండాలి. సగం జొన్నరొట్టె, దాని మీద ఎర్రకారం, ఒక ఉల్లిగడ్డ చేతిలో పెడుతుంది. పక్కనున్న ముసలాయన సైకిల్ ధర అడుగుతాడు. దీనికి నిజం చెప్పిన సైకిలిస్టు ఈ దక్కనులో ఇంకా పుట్టలేదు. అందరం ఒక సున్నా తీసేసి చెప్తాం, అప్పుడు కూడా ఆయన "గంతనా!" అని నోరు తెరుస్తాడు. ఆ రొట్టె తిన్నాక గట్టెక్కడం వేరుగా ఉంటుంది. 6.6 కోట్ల ఏళ్ల కిందటి లావా మెత్తబడి, మొలకెత్తి, పెనం మీద కాలి, నా తొడల్లోకి చేరి, ఇప్పుడు ఆ లావా కొండనే ఎక్కుతోంది. ఇంతకు మించిన అద్భుతం ఏ గుళ్లోనూ చూడలేదు.

జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో ఈ గింజలకు ఊరేగింపు కూడా ఉంది. పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు సంక్రాంతి రోజుల్లో పాత పంటల జాతర మొదలుపెడతాయి. అలంకరించిన ఎడ్లబండ్ల మీద జొన్న, కొర్ర, సామ, సజ్జ, పప్పుల విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరుగుతారు. చాలామంది దళిత మహిళలు, ఎకరం రెండెకరాల ఎర్రచెలక రైతులు. ఎవరూ పట్టించుకోని రాళ్ల భూములను వాళ్లు తిరిగి పంటకు తెచ్చారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వాళ్లను వెతుక్కుంటూ వచ్చింది. ఆ బండ్లు ఎదురైతే బాట దిగి నిలబడటం మర్యాద. బాట వాళ్లది.

పల్లేరుకు కూడా దండం. ముళ్లలో నువ్వు రాజువు. తుమ్మముల్లు ఒక్క పోటుతో పోతుంది, నువ్వు మాత్రం ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉండేట్టు పుట్టావు. టైరులోని జిగురు ద్రవం నీ వల్లే అమ్ముడుపోతోంది.

పడమటికి ఇంకా పోతే, సహ్యాద్రుల కొసన, జున్నర్ దాటాక నానేఘాట్. శాతవాహనుల నాటి కనుమ. కొంకణ తీరం నుంచి పీఠభూమి మీదికి సరుకు మోసిన దారి, ఈ నల్లరాతినే తొలిచి వేసిన దారి. గుహలో నాగనిక రాణి శాసనం ఉంది, ఎన్ని ఆవులు, ఎన్ని గుర్రాలు దానమిచ్చారో అంకెలతో సహా. పైన పెద్ద రాతి తొట్టి, సుంకం డబ్బులు అందులో వేసేవారని చెప్తారు. కిందికి సైకిల్ మీద పోలేం, భుజాన మోసుకుని దిగాల్సిందే. మన శాతవాహనుల దారి మీద మన సైకిల్‌కు సుంకం ఆ మోతే.

తూర్పున మా గోదావరి వాళ్లకూ ఈ నిప్పులో వాటా ఉంది, కొంచెం చిన్న వాటా. రాజమండ్రి దగ్గర కాతేరులో, ఏటికి అవతల పంగిడి దగ్గర అదే వయసు నల్లరాయి భూమిలోంచి తలెత్తుతుంది. పడమటి కనుమల దగ్గర పుట్టిన లావా పాత నదుల లోయలు పట్టుకుని దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి అక్కడికి చేరిందని భూవిజ్ఞానులు లెక్క కట్టారు. నిజమైతే లోకంలో తెలిసిన లావా పరుగుల్లో అంత పొడవైనవి అరుదు. రెండు పొరల మధ్య సున్నపురాయిలో నత్తగుల్లలు దొరుకుతాయి. అంటే ఒక వరదకూ ఇంకో వరదకూ మధ్య సముద్రం వచ్చి చూసి పోయేంత వ్యవధి దొరికిందన్నమాట. అక్కడ బాటలను పుంతలంటారు. తాటిచెట్ల మధ్య, జీడిమామిడి తోటల మధ్య, నీడలో పోతాయి. తెలంగాణ ఎండకు అలవాటైన సైకిలిస్టుకు అది అత్తగారింటి మర్యాద.

ఇప్పుడు ఒక చేదు మాట, దండకంలో ఇమడకపోయినా. పూడూరు దగ్గర దామగుండం అడవి ఉంది. గుట్టల మధ్య పాత గుడి, చెరువు, టైరు వెడల్పు దారులు. హైదరాబాద్ సైకిలిస్టుల్లో ఎందరో మట్టి మీద తొక్కడం మొదట నేర్చుకున్నది అక్కడే. 2024 అక్టోబర్‌లో అక్కడ నౌకాదళ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. జనం రాడార్ స్టేషన్ అంటారు. సముద్ర గర్భంలోని జలాంతర్గాములతో మాట్లాడేందుకు దాదాపు 2,900 ఎకరాల అడవి. సముద్రమే కనిపించని ఊళ్లో సముద్రానికి చోటు. దేశ రక్షణ గురించి వాదించే శక్తి నాకు లేదు. ఒక వాగు పుట్టే చోట ఎన్ని చెట్లు ఉండాలో లెక్క వేసేవాళ్లు ఆ కాగితాల మీద కూడా ఉంటే బాగుండేదనిపిస్తుంది.

తారు రోడ్ల మీద మాత్రం ఫిర్యాదు చేయను. తిరిగి వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక మొరం బాట నల్లబడి ఉంటుంది. అక్కడ ఆడుకోవడానికి వచ్చినవాడికి మనసు చివుక్కుమంటుంది. కానీ అదే బాట మీద వానాకాలం రాత్రి నొప్పులు పడుతున్న మనిషిని మంచం మీద మోసుకుపోయినవాళ్లు ఆ తండాలోనే ఉన్నారు. వాళ్ల ముందు మొరం అందం గురించి మాట్లాడే నోరు నాకు లేదు. పైగా ఆ తారు కింద వేసే కంకర కూడా ఈ నల్లరాయే. కొండ కొండగా ఉన్నా, కంకరైనా, నిప్పు దారి కిందే ఉంది.

దండకమన్నాక ఫలశ్రుతి ఉండాలి. ఈ బాట తొక్కినవాడికి మోక్షం సంగతి తెలియదు. పళ్ల మధ్య మొరం ఖాయం. పిక్కల మీద కుసుమ గీతలు, మెడ వెనక ఎండ మచ్చ, అరచేతుల్లో రెండు రోజుల తిమ్మిరి ఖాయం. సోమవారం ఆఫీసు మీటింగులో కూర్చోలేక గోడకు ఆనుకుని నిలబడితే మేనేజరు శ్రద్ధ అనుకుని మెచ్చుకుంటాడు. రాత్రి తాండూరు కందిపప్పు, వేడి జొన్నరొట్టె ఎదురుగా పెడితే మామూలు కంటే రెండు ఎక్కువ దిగుతాయి. తెల్ల సాక్సులు వేసుకుని పోయినవాడికి మాత్రం ఈ ఫలాలేవీ ఇంటి గడప దాటాక గుర్తుండవు. ఎర్రమొరం మరక ఏ సబ్బుకూ లొంగదు, వాటిని బకెట్లో వేసింది ఎవరని లోపలి నుంచి కేక వినిపిస్తుంది.